నత్తమ్మ గొంతు

“ప్రయాణికులకు మనవి! స్నానాలగదిలో నీళ్లు మరో రెండు నిమిషాల్లో వేడెక్కుతాయి. స్నానానికి వెళ్లవలసినవారు తువ్వాలుతో సిద్ధంగా ఉండగలరు!”

పొద్దున్న ఏడున్నరకు వంటింట్లోంచి ఆ ప్రకటన వినబడగానే ఇల్లంతా ఉలిక్కిపడి కదిలింది. కొడుకు తువ్వాలు భుజాన వేసుకుని పరుగెత్తాడు. తొమ్మిదేళ్ల మనవరాలు ఒక కాలికే మేజోడు తొడుక్కుని, రెండోదాని కోసం సోఫా కిందకి దూరింది. కోడలు ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో దువ్వెన పట్టుకుని గదిలోంచి బయటికీ బయటినుంచి గదిలోకీ తిరుగుతోంది.

అత్తగారు ముప్ఫై ఒక్క ఏళ్లు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని బళ్ల రాకపోకలు చెప్పిన మనిషి. ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్లయినా ఆ ధోరణి మానలేదు. కూర మాడినా, నీళ్లు ఆగిపోయినా, చుట్టాలు వస్తున్నా ఇంట్లో వాళ్లకి ముందుగా ప్రకటన వెలువడాల్సిందే.

ఆవిడ గ్లాసులో వేడినీళ్లు ఊదుకుంటూ వచ్చి కోడలి ఎదురుగా కూర్చుంది.

“అమ్మాయ్, అసలు రికార్డింగు ఎప్పుడన్నావు?”

“ఇంకా... తేదీ ఖాయం కాలేదత్తయ్యా.”

“ఖాయమయ్యాక ఒకరోజు ముందు చెప్పు. నెలరోజులుగా చల్లటిది నోట పెట్టలేదు. ఆ ముందురోజు గొంతుకి పూర్తిగా విశ్రాంతి ఇవ్వాలి.”

“అంటే ఆ రోజంతా నువ్వు మాట్లాడవా నానమ్మా?” సోఫా కిందనుంచి మనవరాలు ఆశగా అడిగింది.

“నిన్ను తిట్టడానికి మాత్రం మాట్లాడతాను. అది నాకు విశ్రాంతే.”

అందరూ నవ్వారు. కోడలు మాత్రం దువ్వెనలో ఇరుక్కున్న వెంట్రుకలు తీస్తూ తల ఎత్తలేదు. స్నానాలగది తలుపు దగ్గరనుంచి భర్త ఆమె వంక ఒక్క క్షణం చూసి, గబుక్కున లోపలికెళ్లి గడియ వేసుకున్నాడు.

కోడలికి ఒక యానిమేషన్ స్టూడియో ఉంది. ఎనిమిదేళ్ల కిందట అది ఈ ఇంట్లోనే, భోజనాల బల్ల మీదే పుట్టింది. కట్టబోయే ఇళ్లకు కంప్యూటర్లో బొమ్మలు గీసే ఉద్యోగం వదిలేసి, ఇద్దరు స్నేహితురాళ్లను వెంటేసుకుని, మూడు కంప్యూటర్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ రోజునుంచి ఇంటిల్లిపాదీ పెరటి అరుగు మీద కంచాలు ఒళ్లో పెట్టుకుని తినడం మొదలుపెట్టారు.

సొంతంగా పదినిమిషాల సినిమా తీయాలని ముగ్గురూ పట్టుబట్టారు. మొదట ఒక కుక్కపిల్లను తయారుచేశారు. అది నడిస్తే నాలుగు కాళ్లూ నాలుగు వైపులకు పోయేవి. తరువాత కోడిని చేశారు. రెండు కాళ్లే కదా అనుకుంటే అది నేల మీద నడవకుండా నేలలోకి నడిచింది. ఆరునెలల తిప్పల తరువాత కోడలు విసిగిపోయి, “అసలు కాళ్లే లేని ప్రాణి ఏదైనా ఉందా?” అంది. అలా నత్త వచ్చింది.

“భోజనాల బల్ల మీద నత్తలు పాకడం ఈ ఇంట్లోనే చూస్తున్నాను,” అని అత్తగారు ముక్కున వేలేసుకుంది. సినిమాలో ఒక్క సెకను కదలాలంటే ఇరవైనాలుగు బొమ్మలు కావాలని, ఒక్కో బొమ్మ తయారవడానికి కంప్యూటరు గంటసేపు మూలుగుతుందని ఆవిడకెవరూ చెప్పలేదు. ఒకరోజు ఆవిడ బట్టల మిషనూ మిక్సీ ఒకేసారి వేసేసరికి ఇంట్లో ఫ్యూజు ఎగిరిపోయింది. మూడు రోజుల పని పోయింది. ముగ్గురమ్మాయిలూ గోడకి ఆనుకుని కూర్చుని చిన్నపిల్లల్లా ఏడ్చారు. అత్తగారికి కాళ్లూ చేతులూ ఆడలేదు. మర్నాటినుంచి కొబ్బరి తురమాలన్నా ముందు బల్ల దగ్గరికొచ్చి అనుమతి అడిగేది.

నత్తకు గొంతు కావలసివచ్చినప్పుడు బయటివాళ్లను పిలిచే స్థోమత లేదు. కోడలు మొహమాటపడుతూ అత్తగారిని అడిగింది. ఆవిడ సంతోషంగా ఒప్పుకుని, “ముసలి నత్త ఒకటవ నంబరు ఆకు మీదికి వచ్చుచున్నది” అన్నట్టు చదివింది. అందరి మొహాలూ వేలాడిపోయాయి.

“అత్తయ్యా, అలా కాదు. నన్ను కోప్పడుతున్నట్టు మాట్లాడండి.”

“అది నాకు రాదనుకున్నావా?”

ఆ మరుక్షణం నత్తమ్మ బతికింది. దీర్ఘాలు తీస్తూ, దెప్పుతూ, దెప్పిన చోటే జాలిపడుతూ మాట్లాడే ఆ ముసలి నత్తను చూసినవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. బడుల్లో పిల్లలు ఒకళ్లనొకళ్లు ఆ గొంతుతో వెక్కిరించుకున్నారు. “అత్తమ్మ ముందు ఒక ‘న’ తగిలించి నీ స్టూడియోని నిలబెట్టుకున్నావు,” అని భర్త భార్యను ఆటపట్టించేవాడు. అతను పళ్ల డాక్టరు. నత్తకి వేలకొద్దీ పళ్లుంటాయని, అలాంటి పేషెంటు ఒక్కటి దొరికితే చాలని కూడా అనేవాడు.

తరువాత వ్యాపార ప్రకటనల పనులు వచ్చాయి. భోజనాల బల్ల నుంచి మేడమీది గదులకు, అక్కడినుంచి వీధి చివర మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీకి స్టూడియో మారింది. మందపాటి గోడల వల్ల కంప్యూటర్లు వేడెక్కవని ఆ చోటు తీసుకున్నారు. ఒకప్పుడు ఐసు దిమ్మలు పేర్చిన హాల్లో ఇప్పుడు నలభైమంది కూర్చుని పనిచేస్తున్నారు. రెండేళ్లుగా వాళ్ల చేతుల్లో ఒక పూర్తి సినిమా తయారవుతోంది. వరదలో దారి తప్పిన చీమపిల్లల్ని తన గుల్ల మీద ఎక్కించుకుని ఇల్లు చేర్చే నత్తమ్మ కథ అది. ఈలోగా కాళ్లు నడిపించడం నేర్చుకున్నారు కాబట్టి చీమలకు ధైర్యంగా ఆరేసి కాళ్లు పెట్టారు.

ఈ సినిమాకూ మాటలు ముందుగా అత్తగారితోనే చెప్పించారు. ఇంట్లో బట్టల బీరువా ఖాళీ చేసి, లోపల దుప్పట్లు వేలాడదీసి, మైకు పెట్టారు. ఆవిడ అందులో కూర్చుని రెండేళ్లు మాట్లాడింది. ఆ మాటలను బట్టే నత్తమ్మ పెదాలు కదిలించారు. ఇలా ముందుగా చేసే రికార్డింగును ట్రాక్ అంటారని, చివర్లో స్టూడియోలో మళ్లీ శుభ్రంగా చేస్తారని అత్తగారికి తెలుసు. ఆ చివరిది తనతో కాకుండా వేరేవాళ్లతో కూడా చేయించవచ్చన్న సంగతి తెలియదు.

ఆ రోజు పదకొండు గంటలకు చెవులాయన వచ్చాడు. స్టూడియోలో శబ్దం పని చూసేది అతనే. మెడలో ఎప్పుడూ పెద్ద హెడ్‌ఫోన్సు వేలాడుతుంటాయి కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు.

“అమ్మగారూ, బీరువాలో మైకూ స్టాండూ తీసుకెళ్దామని వచ్చాను. రేపటినుంచి ఆవిడకి కావాలి కదా.”

“ఏ ఆవిడకి?”

“అదేనండీ, నత్తమ్మకి గొంతిస్తున్నారే...” అంటూ అతను నలభై ఏళ్లుగా సినిమాల్లో వెలుగుతున్న ఒక పెద్ద నటి పేరు చెప్పాడు. “ఆవిడా మీ అంత ఎత్తేనట. స్టాండు మార్చక్కర్లేదు.”

అత్తగారి మొహం చూశాక అతనికి అర్థమైంది. హెడ్‌ఫోన్సు పట్టుకుని నిలబడిపోయాడు.

“కూర్చో నాయనా. కాఫీ తాగు,” అందావిడ. తరువాత బీరువా తెరిచి, మైకును తనే ఊడదీసి, మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది. చెప్పులు వేసుకుని పెట్టె చంకన పెట్టుకుని వీధిలోకి నడిచింది. చెవులాయన కాఫీ అక్కడే వదిలేసి, స్టూడియోకీ, పళ్ల డాక్టరుకీ ఫోన్లు చేశాడు.

ఐసు ఫ్యాక్టరీ హాల్లోకి అత్తగారు అడుగుపెట్టగానే, “నత్తమ్మ వచ్చింది! నత్తమ్మ వచ్చింది!” అని కుర్చీలన్నీ కదిలాయి. ఏ తెర మీద చూసినా నత్తే. ఒకచోట కొమ్ములు ఆడిస్తోంది, ఒకచోట చీమను గదమాయిస్తోంది. అన్ని పెదాలూ ఆవిడ మాటలకే కదులుతున్నాయి. అందరినీ పలకరిస్తూనే ఆవిడ చివరనున్న అద్దాల గదిలోకి వెళ్లి, పెట్టెను కోడలి బల్ల మీద పెట్టింది.

“ఇదిగో మైకు. స్టాండు వెనకాల వస్తోంది. దుప్పట్లు మాత్రం ఇంటివి, అవి ఇవ్వను.”

“అత్తయ్యా, కూర్చోండి. నేనే మీకు చెబుదామనుకుంటూ...”

“ఎన్నాళ్లయింది ఆవిడని ఖాయం చేసి?”

కోడలు పెట్టె వంక చూసింది. “నెల.”

“నెల! ఈ నెలరోజులూ నువ్వే కదమ్మా వేడినీళ్లు కాచి నా చేతికిచ్చావు? ఎలా చేతులాడాయి నీకు?”

అప్పుడే కొడుకు తలుపు తోసుకుని వచ్చాడు. మాస్కు గడ్డం కిందికి జారి ఉంది. ఒక చేతికి ఇంకా గ్లౌజు ఉంది.

“అమ్మా, దాని తప్పేం లేదు. నాకూ తెలుసు. నేనే రేపు చెబుదాం, రేపు చెబుదాం అని...”

“పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల నోళ్లు తెరిపిస్తావు. నీ నోరు తెరిపించడానికి ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలిరా?”

బయట హాల్లో ఎవరో ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. అద్దాల గదిలో మాటలు బయటికి వినబడతాయని ముగ్గురికీ అప్పుడే గుర్తొచ్చింది.

“పెద్ద పేరు ఒకటి లేకపోతే సినిమా హాళ్లు ఇవ్వం అన్నారత్తయ్యా,” కోడలు గొంతు తగ్గించి చెప్పింది. “పెట్టుబడి పెట్టినవాళ్లు ఆ ఒక్కమాట మీదే కూర్చున్నారు. వాదించాను. గెలవలేకపోయాను. మీకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఇప్పుడే ఫోన్ చేసి ఆవిడ వద్దని చెప్పేస్తాను. ఏమైతే అది అవుతుంది.”

ఆమె ఫోను అందుకుంది. అత్తగారు దాన్ని లాక్కుని బల్ల మీద బోర్లించింది.

“బయట నలభైమంది కూర్చున్నారు. వాళ్ల రెండేళ్ల కష్టాన్ని నా గొంతుకి ముడిపెడతావా? నేనంత చిన్నపిల్లలా కనబడుతున్నానా?”

“మరి నన్నేం చెయ్యమంటారు?”

“ఇప్పుడు చేసేదేం లేదు. అప్పుడు చెప్పాల్సింది.” ఆవిడ కుర్చీలో కూర్చుంది. కోపం దిగి, మాట నెమ్మదించింది. “ఉద్యోగంలో చివరి ఏళ్లు మీకెవరికీ తెలియవు. ఒకరోజు పొద్దున డ్యూటీకి వెళ్తున్నాను. ప్లాట్‌ఫారం మీద ఉండగానే మైకులోంచి ఎవరిదో గొంతు వినబడింది. నేను చెప్పాల్సిన బండిని అది చెప్పేస్తోంది. మిషను పెట్టారట. ముందురోజు సాయంత్రం దాకా నాతో నవ్వుతూ మాట్లాడినవాళ్లు ఒక్కరు కూడా చెప్పలేదు. బాధపడతానని చెప్పలేదట! మూడేళ్లు పార్సిలు కౌంటర్లో రసీదులు రాసి ఇంటికొచ్చాను. మిషను వచ్చినందుకు నేనేం ఏడవలేదమ్మాయ్. రోజులు మారతాయి. ఆ ప్లాట్‌ఫారం మీద పిచ్చిదానిలా నిలబడ్డాను చూడు, అందుకు ఏడ్చాను. ఇవాళ మైకు కోసం వచ్చినాయన ముందు మళ్లీ అలాగే నిలబడ్డాను.”

కోడలు రెండు చేతులతో మొహం కప్పుకుంది. అత్తగారు లేచి, ఆమె తల మీద చెయ్యి వేయబోయి, వెయ్యకుండానే వెళ్లిపోయింది.

తరువాత మూడు రోజులు ఇంట్లో ఒక్క ప్రకటన లేదు. ఆవిడ వండింది, వడ్డించింది, అడిగినదానికి జవాబిచ్చింది. అంతే. మనవరాలి బడి వ్యాను రెండుసార్లు వెళ్లిపోయింది. స్నానాలగది ముందు తండ్రీకూతుళ్లు కొట్టుకున్నారు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. “నానమ్మా, నన్ను తిట్టవా?” అని మనవరాలు ఒళ్లో దూరితే ఆవిడ దాని జుట్టు సవరించి ఊరుకుంది.

స్టూడియోలో కూడా పని సాగడం లేదు. పెద్ద నటి తన పని క్షుణ్ణంగా తెలిసిన మనిషి. అయినా ఆవిడ మాట ముందుగా అయిపోయేది, నత్తమ్మ పెదాలు ఇంకా ఆడుతుండేవి. కాసేపటికి నత్తమ్మ నోరు మూస్తే ఈవిడ మాట మిగిలిపోయేది. మూడోరోజు సాయంత్రం ఆవిడ హెడ్‌ఫోన్సు తీసి బల్ల మీద పెట్టింది.

“ట్రాకులో మాట్లాడినావిడ ఎవరమ్మా? ఎక్కడ ఊపిరి తీస్తోందో, ఎందుకక్కడ ఆగుతోందో అంతుపట్టడం లేదు. ఆగినప్పుడు మాత్రం ప్రాణం పోసినట్టుంది. ఒక్కసారి పిలిపించండి. నేర్చుకుంటాను.”

ఆ సాయంత్రం కోడలు ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే అత్తగారి ముందు కూర్చుంది. ఈసారి ఏదీ దాచలేదు. సినిమాలో గొంతు ఆ నటిదే ఉంటుందని, అది మారదని చెప్పింది. పక్కన కూర్చుని నేర్పించడానికే పిలుస్తున్నారని చెప్పింది. ఇష్టం లేకపోతే రానక్కర్లేదని, వద్దంటే మళ్లీ అడగనని చెప్పింది.

“ఇంకో సంగతి కూడా ఉందత్తయ్యా. మీకు చెప్పకపోవడానికి మీరు బాధపడతారన్నది ఒక్కటే కారణం కాదు. చెబితే అది నిజమైపోతుందని నాకు భయం. మొదటి నత్తను చేసినప్పటినుంచి దాని నోట్లో మీ మాటే వింటున్నాను. వేరే గొంతు వింటూ సినిమా ఎలా చూడాలో నాకే తెలియలేదు.”

అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“రేపు ఎన్నింటికి?”

“వస్తారా?”

“నువ్వు పిలిచావని కాదు. నా నత్త పాడైపోతోందని.”

మర్నాడు ఇద్దరు ముసలమ్మలూ రికార్డింగు గదిలో ఎదురెదురుగా కూర్చున్నారు. అరగంటలో ఒకరినొకరు అక్కయ్యా, అక్కయ్యా అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. చెవులాయన అద్దం అవతలినుంచి వింటూ, మీటలు తిప్పడం మరిచిపోయాడు.

“స్టేషన్లో మనం ఒక మాట అంటే అది గోడకి తగిలి తిరిగొస్తుంది,” అత్తగారు చెప్పింది. “అది తిరిగొచ్చేదాకా ఆగాలి. ఆగకపోతే రెండు మాటలూ కలిసిపోయి, వినేవాళ్లకి బండి తప్పిపోతుంది. ఆ అలవాటే నాది. మాట అనండి, తిరిగొచ్చిందనుకోండి, అప్పుడు ఊపిరి తీయండి.”

నటి కళ్లు మూసుకుని అలాగే అంది. తెరమీద నత్తమ్మ పెదాలు, ఆవిడ మాట అచ్చంగా కలిసిపోయాయి. నలభై ఏళ్ల అనుభవమున్న మనిషి పరీక్ష పాసైన పిల్లలా చప్పట్లు కొట్టింది.

వారం రోజుల్లో మాటలన్నీ అయిపోయాయి. ఒక్క నవ్వు దగ్గరే బండి ఆగింది. చీమపిల్లలు గుల్ల మీదినుంచి జారిపడినప్పుడు నత్తమ్మ నవ్వుతుంది. ముందు ముక్కులోంచి చిన్నగా మొదలై, ఆపుకోబోయి, ఆగక, చివరికి ఎక్కిళ్లలోకి దిగే నవ్వు అది. నటి పదిహేనుసార్లు ప్రయత్నించింది. పదహారోసారి మైకు పక్కకి జరిపింది.

“ఇది నా వల్ల కాదు. ఇది నటించే నవ్వు కాదు, ఆవిడ సొంత ఆస్తి. మాటలు నావి ఉంచండి, నవ్వు ఆవిడదే ఉంచండి. పెట్టుబడిదార్లు ఏమైనా అంటే నాతో మాట్లాడమనండి.”

అద్దం అవతలున్న కోడలు లేచి, రికార్డింగు గదిలోకొచ్చి, అందరిముందూ అత్తగారిని గట్టిగా కౌగిలించుకుంది. “వదులు వదులు, మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది,” అని అత్తగారు గొణిగింది. తను మాత్రం కోడల్ని వదల్లేదు.

మూడునెలల తరువాత ఒక ఆదివారం పొద్దున సినిమా విడుదలైంది. హాలు నిండా పిల్లలు. వాళ్ల పక్కన పెద్దలు. మధ్య వరసలో కుటుంబమంతా కూర్చున్నారు. మొదట్లో పేర్లు పడుతున్నప్పుడు ‘గొంతుల శిక్షణ’ అన్న చోట అత్తగారి పేరు కనబడింది. మనవరాలు కుర్చీమీద ఎగిరి, ముందువాళ్లకీ వెనకవాళ్లకీ మా నానమ్మే మా నానమ్మే అని చెప్పింది. కొడుకు దాన్ని కూర్చోబెట్టబోయి, తనే లేచి చప్పట్లు కొట్టాడు.

నత్తమ్మ మాట్లాడుతుంటే అత్తగారు తల ఊపుతూ విన్నది. గొంతు వేరేవాళ్లది. ఆగినచోటల్లా మాత్రం తనే ఉంది. తను ఊపిరి తీసుకునేచోటే నత్తమ్మ ఊపిరి తీస్తోంది.

చీమపిల్లలు జారిపడ్డాయి. నత్తమ్మ నవ్వింది. ముక్కులోంచి మొదలైన ఆ నవ్వు ఎక్కిళ్లలోకి దిగేసరికి ముందు వరసలో ఒక పిల్ల పొట్ట పట్టుకుంది. దాన్ని చూసి పక్క పిల్లాడు, వాణ్ని చూసి వాళ్లమ్మ నవ్వారు. చూస్తుండగానే హాలంతా విరగబడి నవ్వింది.

అత్తగారు బెదిరిపోయి కోడలి చెయ్యి పట్టుకుంది. “ఇంతమంది ఎందుకు నవ్వుతున్నారమ్మాయ్?”

“మీరు నవ్వారని, అత్తయ్యా!”

స్టేషన్లో ఆవిడ పనిచేసిన గదికి కిటికీ లేదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో తన మాట విన్నవాళ్ల మొహం ఒక్కటి కూడా ఆవిడ చూడలేదు. ఇప్పుడు మెల్లిగా కుర్చీలో వెనక్కి తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని, కుర్చీ వీపు మీద గడ్డం ఆనించి చూడటం మొదలుపెట్టింది. తెరమీది వెలుగులో వరసలు వరసలుగా మొహాలు. తడిసిన కళ్లు, తెరుచుకున్న నోళ్లు, ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వుతున్న పిల్లలు.

“అమ్మా, తెర అటువైపుందండీ,” వెనక వరసలో ఒకాయన మర్యాదగా చెప్పాడు.

“నాకు తెలుసు నాయనా. నువ్వు అటు చూడు.”

ఆవిడ బుగ్గల మీదుగా నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. కోడలు కాసేపు ఆవిడ వంక చూసింది. రెండేళ్లు కష్టపడి తీసిన సినిమాకు వీపు పెట్టి, తనూ వెనక్కి తిరిగి అత్తగారి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.